పాయింట్ల కోసం ఒక్కరోజు విమానం: హైదరాబాద్ నుంచి ఎటు వెళ్తే గిట్టుతుంది?

పొద్దున శంషాబాద్‌లో ఎక్కి, రాత్రికి మళ్ళీ శంషాబాద్‌లోనే దిగి, ఫ్రీక్వెంట్ ఫ్లయర్ ఖాతాలో (తరచూ ఎగిరేవాళ్ళకు విమాన సంస్థ ఇచ్చే సభ్యత్వ ఖాతా) పాయింట్లు వేసుకోవడం అందరికీ గిట్టే పని కాదు. టికెట్ వెతకడానికి ముందు కాగితం మీద లెక్క వేసుకోవాలి.

మన దేశీయ సంస్థలు ఇప్పుడు దూరాన్ని బట్టి కాకుండా, పెట్టిన డబ్బును బట్టి పాయింట్లు ఇస్తున్నాయి. అది కూడా మొత్తం టికెట్ ధర మీద కాదు. ఒకవైపు టికెట్ 3,400 రూపాయలు అనుకుందాం. 5 శాతం జీఎస్టీ, విమానాశ్రయం వసూలు చేసే యూజర్ ఫీజు, 200 రూపాయల భద్రతా రుసుము, కన్వీనియన్స్ ఫీజు అన్నీ కలిపి 1,100 పోతే, పాయింట్లు లెక్కకట్టేది మిగిలిన 2,300 మీదే. 100 రూపాయలకు 6 పాయింట్లు వస్తాయనుకుంటే రానూ పోనూ కలిపి 276. ఒక్కో పాయింటును ఏకంగా రూపాయిగా లెక్కేసినా, 6,800 ఖర్చు పెడితే తిరిగొచ్చేది 276 రూపాయలే. టికెట్ ఎంత చౌకైతే అందులో పన్నుల వాటా అంత ఎక్కువ, పాయింట్లు అంత తక్కువ. ఉత్త పాయింట్ల కోసమైతే ఈ ప్రయాణం దండగ.

గిట్టే సందర్భం ఒకటుంది. సభ్యత్వంలో సిల్వర్ హోదా నుంచి దాని పై మెట్టు గోల్డ్‌కు చేరడానికి రెండు ప్రయాణాలో, కొద్ది టియర్ పాయింట్లో (హోదా కోసం లెక్కకట్టే పాయింట్లు) తక్కువపడి, గడువు దగ్గరపడినప్పుడు. ఎయిర్ ఇండియాలో గోల్డ్ వస్తే, అది సభ్యురాలిగా ఉన్న అంతర్జాతీయ విమాన సంస్థల కూటమి స్టార్ అలయన్స్‌లో గోల్డ్ కూడా వచ్చినట్టే. ఆ కూటమి విమానాల్లో అదనపు లగేజీ, లాంజ్, ముందు వరుసలో చెక్-ఇన్ దొరుకుతాయి. ఏటా అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చేవాళ్ళకు ఒక్క అదనపు పెట్టెతోనే ఈ 6,800 రాబట్టుకోవచ్చు. ఏడాదికోసారి గోవా వెళ్ళేవాళ్ళకు ఆ హోదాతో పెద్దగా పని పడదు.

గడువు లెక్కలో చాలామంది పొరపడతారు. చూడాల్సింది టికెట్ కొన్న తేదీ కాదు, విమానం ఎక్కిన తేదీ. డిసెంబరు 30న కొని జనవరి 3న ఎగిరితే అది జనవరి ఖాతాలోకే వెళ్తుంది. మీ సభ్యత్వ సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు వరకా, లేక మీరు చేరిన నెల నుంచి 12 నెలలా అన్నది ఖాతాలోకి వెళ్ళి చూసుకోండి. టికెట్ మీద 'ఆపరేటెడ్ బై' (విమానం నడిపేది ఎవరు) అన్న చోట మీ సంస్థ పేరే ఉందా అన్నది కూడా ముఖ్యమే. గ్రూపులోని మరో సంస్థ విమానమైతే పాయింట్లు రాకపోవచ్చు, వచ్చినా, హోదాకు మీ సంస్థ సొంత విమానాల్లోనే ఇన్ని ప్రయాణాలు చేయాలన్న లెక్కలోకి రాకపోవచ్చు.

ఇక ఊళ్ళ సంగతి. ఒక్కరోజు ప్రయాణానికి చౌక టికెట్ కంటే రెండు విషయాలు ముఖ్యం: విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి ఎంతసేపు పడుతుంది, సాయంత్రం తిరిగి రావడానికి ఎన్ని విమానాలున్నాయి.

ఈ రెండింటిలోనూ చెన్నైకే మొదటి మార్కు. గంటా పావు ప్రయాణం. విమానాశ్రయంలోనే మెట్రో స్టేషన్ ఉంది. బ్లూ లైన్ ఎక్కితే సెంట్రల్‌కు సుమారు 40 నిమిషాలు, టికెట్ 50 రూపాయలు దాటదు. గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే ట్రిప్లికేన్ పార్థసారథి గుడి, అక్కణ్ణుంచి మెరీనా. గుడి మధ్యాహ్నం మూస్తారు కాబట్టి ముందు గుడికి వెళ్ళి, తర్వాత భోజనం పెట్టుకోవాలి. ఆరు గంటల విమానానికి మూడున్నరకల్లా మెట్రో ఎక్కితే కంగారు ఉండదు. దేశీయ విమానాలు టీ1, టీ4 టెర్మినళ్ళు రెండింటి నుంచీ నడుస్తాయి, మధ్యలో అంతర్జాతీయ టెర్మినల్ అడ్డం. మీది ఏదో బోర్డింగ్ పాస్‌లో చూసుకుని నడవండి. 2025 ఫిబ్రవరిలో టీ1లో తెరిచిన ప్రభుత్వ చౌక ధరల ఉడాన్ యాత్రీ కేఫ్‌లో టీ 10 రూపాయలు, సమోసా 20.  అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలం, ఆ నెలల్లో వాయుగుండం వార్త వింటే చెన్నై మానుకోవడమే మంచిది.

ఢిల్లీకి టికెట్ ఖరీదు ఎక్కువ, పాయింట్లూ ఎక్కువ. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రోలో టీ3 నుంచి న్యూఢిల్లీ స్టేషన్‌కు 20 నిమిషాలే. కానీ ఆకాశంలోనే రానూ పోనూ నాలుగున్నర గంటలు పోతాయి. డిసెంబరు, జనవరి పొగమంచులో ఒక్కరోజులో వెళ్ళొద్దామనుకోవడం సాహసమే. సభ్యత్వ సంవత్సరం డిసెంబరుతో ముగిసేవాళ్ళకు గడువు కూడా సరిగ్గా అప్పుడే పడుతుంది కాబట్టి, ఢిల్లీ ఆలోచన ఉంటే నవంబరులోనే ముగించేయండి.

2025 అక్టోబరులో ముంబై మెట్రో 3 దక్షిణపు కొసన ఉన్న కఫ్ పరేడ్ దాకా పూర్తయ్యాక ఆ ఊరు చాలా సులువైంది. టీ1, టీ2 రెండింటి దగ్గరా స్టేషన్లున్నాయి. అయితే టికెట్ కొనేటప్పుడు అది పాత విమానాశ్రయమా, నవీ ముంబైదా అన్నది కళ్ళు పెట్టి చూడాలి. వెళ్ళేది ఒకచోటికి, వచ్చేది ఇంకోచోటి నుంచి పడితే సగం రోజు రోడ్డు మీదే. బెంగళూరుకు విమానాలకు కొదవ లేదు, కానీ ఊరు 35 కిలోమీటర్ల అవతల. ఊళ్ళో పనుంటే తప్ప వద్దు.

విశాఖ ఇప్పటి విమానాశ్రయం ఊరికి ఆనుకునే ఉంది, ఆర్కే బీచ్‌కు ఆటోలో వెళ్ళొచ్చు. సర్వీసులు భోగాపురంలోని కొత్త విమానాశ్రయానికి మారితే సుమారు 45 కిలోమీటర్లు కలుస్తాయి. తిరుపతిని మాత్రం ఈ లెక్కలోకి తేవద్దు. దర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. కంపార్టుమెంట్లో కూర్చుని రేణిగుంట విమానం టైము చూసుకుంటూ ఉంటే అటు దర్శనమూ సరిగా జరగదు, ఇటు విమానమూ పోతుంది.

టికెట్లు ఒకే పీఎన్ఆర్ మీద తీసుకోవాలా, విడివిడిగానా? ఒకే సంస్థలో, ఒకే పీఎన్ఆర్ మీదే తీసుకోండి. వెళ్ళేది ఆలస్యమై వచ్చేది తప్పిపోతే అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. వేర్వేరు సంస్థలైతే రెండోవాళ్ళకు మీరు కేవలం నో-షో, అంటే టికెట్ కొని రాని ప్రయాణికుడు. పొద్దున మొదటి విమానం పట్టుకోండి. అది రాత్రే వచ్చి నిలిచి ఉంటుంది కాబట్టి సాధారణంగా సమయానికి కదులుతుంది. వెనక్కి ఆఖరిది వద్దు, దాని ముందుది తీసుకోండి. పొద్దుటి నుంచి పోగుపడిన ఆలస్యమంతా ఆఖరి విమానం మీదే పడుతుంది.

రెండున్నర గంటల లోపు ప్రయాణానికి ఆలస్యం 2 గంటలు దాటితే తినడానికి, తాగడానికి ఇవ్వాలన్నది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం. 6 గంటలు దాటితే వేరే విమానమో, పూర్తి వాపసో అడగొచ్చు. వాతావరణం వల్ల ఆగితే నష్టపరిహారం మాత్రం రాదు.

వెబ్ చెక్-ఇన్ రెండు వైపులా ఇంట్లోనే చేసుకోండి. పెట్టె లేకుండా 7 కిలోల లోపు ఒక్క బ్యాగుతో వెళ్తే కౌంటర్ దగ్గర నిలబడక్కర్లేదు. దిగిన వెంటనే తిరిగి ఎక్కుదామనుకున్నా సాధారణంగా బయటికొచ్చి, డిపార్చర్ ద్వారం నుంచి మళ్ళీ సెక్యూరిటీ దాటాల్సి ఉంటుంది. గేటు 25 నిమిషాల ముందే మూసేస్తారు కాబట్టి దానికి కనీసం రెండు గంటలు ఉంచండి.

పాయింట్లు పడకపోవడానికి మన దగ్గర ఎక్కువగా కనిపించే కారణం ఇంటిపేరు. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, సభ్యత్వ ఖాతాలో పూర్తిగా ఉంటుంది, టికెట్ మీద ముందువెనకలవుతుంది. మూడు చోట్లా ఒకేలా ఉండేలా ప్రయాణానికి ముందే సరిచేయించుకోండి, బోర్డింగ్ పాస్ మీద సభ్యత్వ సంఖ్య అచ్చయిందో లేదో చూడండి. అయినా పడకపోతే వెబ్‌సైట్‌లో 'మిస్సింగ్ పాయింట్స్' కింద అర్జీ పెట్టాలి. పీఎన్ఆర్ ఒక్కటే కాదు, 13 అంకెల ఈ-టికెట్ సంఖ్య కూడా అడగొచ్చు. ఎయిర్ ఇండియాదైతే అది 098తో మొదలవుతుంది. ఆ టికెట్, రెండు బోర్డింగ్ పాస్‌ల ఫోటోలు పాయింట్లు ఖాతాలో కనిపించేదాకా ఫోన్లోంచి తీసేయకండి.