అట్టపెట్టె మీద 525 రెట్లు, మా డాబా మీద 56: ఏడున్నర వేల టెలిస్కోపు ఎలా ఉందంటే

2025 డిసెంబర్‌లో ఆన్‌లైన్‌లో ఒక టెలిస్కోపు కొన్నాను. ముందు అద్దం వెడల్పు 70 మిల్లీమీటర్లు, ఫోకల్ దూరం (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 700 మిల్లీమీటర్లు, మూడు ఐపీసులు (కన్ను పెట్టి చూసే చిన్న గొట్టాలు), ఒక బార్లో లెన్సు (రెట్లు ఇంకా పెంచేది), అల్యూమినియం స్టాండు, అన్నీ కలిపి ఏడున్నర వేలు. కంపెనీ పేరు రాయడం లేదు, ఇవే కొలతలతో రకరకాల పేర్ల మీద అమ్ముతున్నారు కాబట్టి నేను చెప్పేది చాలావరకు అన్నిటికీ వర్తిస్తుంది. నల్గొండలో మా డాబా మీద నెల రోజులు, సంక్రాంతి సెలవుల్లో డిండి దగ్గర మా తల్లిగారి ఊళ్లో ఐదు రాత్రులు చూశాకే ఇది రాస్తున్నాను.

ముందు ఆ 525 సంగతి. 700ని ఐపీసు మీదున్న అంకెతో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో వస్తుంది. 20తో 35 రెట్లు, 12.5తో 56, 4తో 175. ఆ 175కి మూడింతల బార్లో తగిలిస్తే 525. లెక్క తప్పు కాదు, కానీ అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో ఎంతో దానికి రెండింతలు, అంటే మనకు 140 రెట్లు దాటాక బొమ్మ సైజు పెరుగుతుందే తప్ప కొత్తగా ఏదీ కనిపించదు. పలచని మజ్జిగలో ఇంకో చెంబు నీళ్లు పోసినట్టు ఉంటుంది. 4 అంకె ఉన్న ఐపీసు, బార్లో రెండు రాత్రులు ప్రయత్నించి పెట్టెలో పెట్టేశాను. నా పనంతా 35, 56 రెట్లతోనే జరుగుతోంది. కొనేవాళ్లు పెట్టె మీద రెట్లు చూడకండి, అద్దం ఎంత వెడల్పుందో, స్టాండు ఎంత గట్టిగా ఉందో చూడండి.

స్టాండు మాత్రం బాధ పెట్టింది. ఫోకస్ మర తిప్పితే చాలు, బొమ్మ ఐదారు సెకన్లు ఊగుతూనే ఉంటుంది. పైగా ఒక బోల్టు తక్కువ వచ్చింది, అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే పంపిస్తామన్నారు, ఇంతవరకు పంపలేదు, చివరికి పది రూపాయలకు ఇక్కడి హార్డ్‌వేర్ షాపులో తెచ్చుకున్నాను. ఊళ్లో మా నాయిన ఖాళీ యూరియా సంచిలో సగం దాకా ఇసుక పోసి, మూతి కట్టి, స్టాండు కాళ్ల మధ్య వేలాడదీశాడు. కాళ్లు కూడా పూర్తిగా లాగకుండా పొట్టిగా పెట్టి, స్టూలు మీద కూర్చుని చూశాం. ఊగడం సగానికి సగం తగ్గింది.

పైన ఉండే చిన్న గురిగొట్టాన్ని పగలే సరిచేసుకోండి, మేము దూరంగా ఉన్న సెల్ టవర్ కొసను పెట్టి సరిచేశాం. రాత్రి చీకట్లో ఆ మూడు స్క్రూలతో కుస్తీ పడితే టెన్షన్ తప్ప ఏమీ ఉండదు.

ఇంకో మాట, ఇది చాలా సీరియస్‌గా చెబుతున్నాను. పెట్టెలో ఐపీసుకు బిగించే చిన్న నల్ల అద్దం కూడా వచ్చింది, సూర్యుణ్ణి చూడటానికట. దాన్ని వాడొద్దు. అద్దం పోగుచేసిన ఎండ వేడంతా ఆ బిళ్ల మీదే పడుతుంది, పగిలిందంటే కన్ను పోతుంది. సూర్యుడికి వాడే ఫిల్టర్ ఎప్పుడైనా గొట్టం ముందు వైపు ఉండాలి. నేను దాన్ని సుత్తితో కొట్టి పారేశాను, పిల్లల చేతికి దొరక్కూడదని.

ఇప్పుడు ఏం కనిపించిందో చెబుతాను. 2026 జనవరి 10కి గురుగ్రహం భూమి నుంచి చూస్తే సూర్యుడికి సరిగ్గా ఎదురువైపు వచ్చింది, అందుకే పండగ రోజుల్లో రాత్రంతా వెలిగిపోతూ ఉంది. 56 రెట్లలో తెల్లటి గుండ్రటి బిళ్ల, దాని మీద రెండు గోధుమరంగు చారలు, పక్కన ఒకే గీత మీద నాలుగు చుక్కలు. "గా చుక్కలేంది బిడ్డా, గీత గీసినట్టున్నయి?" అన్నాడు నాయిన. అవి గురుడి చందమామలు, 1610 జనవరిలో గెలీలియో చూసింది ఈ నాలుగింటినే. అన్నీ భూమి చుట్టే తిరుగుతాయన్న నమ్మకానికి గట్టి దెబ్బ కొట్టింది ఈ నాలుగు చుక్కలే. ఏడున్నరకు ఒకసారి చూసి, మళ్లీ పదకొండింటికి చూస్తే లోపలి చుక్క స్పష్టంగా జరిగింది. అది ఐయో, గురుడి చుట్టూ నలభై రెండున్నర గంటల్లో తిరిగొస్తుంది. చెప్తే వినడం వేరు, నీ కళ్ల ముందే జరగడం వేరు.

మా నాయిన గురించి ఒక ముక్క చెప్పాలి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా మా వైపు మీదుగా పోయింది. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ కూడా ఆ దారిలోనే ఉంది. మా నాయినకు అప్పుడు పద్నాలుగేళ్లు. నాయనమ్మ అందరినీ లోపలేసి గడియ పెట్టిందట, కోళ్లు గూట్లోకి పోతున్న చప్పుడు మాత్రం విన్నాడట. ఆ సంగతి ఈసారి స్టూలు మీద కూర్చుని, ఐపీసులోంచి కన్ను తీయకుండా చెప్పాడు.

శనిగ్రహం దగ్గర మాత్రం మా పాప నిరాశపడింది. పుస్తకంలో బొమ్మలా వెడల్పాటి వలయం ఉంటుందనుకుంది, కనిపించింది ముత్యానికి గుచ్చిన సూదిలా ఒక సన్నటి గీత. టెలిస్కోపు తప్పు కాదది. శని సూర్యుడి చుట్టూ తిరగడానికి 29 ఏళ్లకు పైగా పడుతుంది, అందులో రెండుసార్లు వలయాలు మనకు అంచుమీదుగా కనిపిస్తాయి, అలాంటి సారి 2025 మార్చిలో వచ్చింది. రెండున్నర లక్షల కిలోమీటర్లకు పైగా వెడల్పున్న వలయాలు చాలా చోట్ల పదుల మీటర్ల మందమే. 1612లో గెలీలియోకూ ఇవి మాయమైపోయి కంగారుపడ్డాడు. 2028-29 కల్లా బాగా తెరుచుకుంటాయి.

పిల్లల కోడి, అంటే కృత్తిక నక్షత్రాల గుంపు, 35 రెట్లలో నల్ల గుడ్డ మీద ముత్యాలు చల్లినట్టుంది. ఓరియన్ నీహారిక కూడా బూడిదరంగు పొగలా దొరుకుతుంది. రంగులు ఆశించకండి.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది ఆండ్రోమెడా గెలాక్సీ. నల్గొండలో వీధి దీపాల వెలుగులో దొరకనే లేదు. ఊళ్లో అమావాస్య దగ్గరపడింది కాబట్టి ఆకాశం నల్లగా ఉంది, సాయంత్రం ఏడున్నరకు వాయవ్యం వైపు వెతికితే ఊదిన అద్దం మీద ఆవిరిలా ఒక మరక. అంతే. కానీ ఆ వెలుగు బయలుదేరి దాదాపు 25 లక్షల సంవత్సరాలైంది. వందేళ్ల కిందటిదాకా అది మన పాలపుంతలోనిదా, బయటిదా అని పండితులే కొట్లాడుకున్నారు. 1923లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ అందులో వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉండే ఒక నక్షత్రాన్ని పట్టుకుని దూరం లెక్కగట్టాకే అది ఇంకో గెలాక్సీ అని తేలింది. 1929కల్లా గెలాక్సీలు ఎంత దూరంగా ఉంటే అంత వేగంగా దూరమవుతున్నాయని కూడా చూపించాడు. అంతకు రెండేళ్ల ముందే బెల్జియం శాస్త్రవేత్త లెమైత్రే ఈ మాట చెప్పాడు.

"అన్నీ మన నుంచే దూరం పోతున్నాయంటే మనమే మధ్యలో ఉన్నట్టా అమ్మా?" అంది పాప. మర్నాడు మా అమ్మ కవర్ మీద బియ్యప్పిండి గారెలు ఒత్తుతుంటే దొరికింది జవాబు. ముద్దలోని నువ్వు గింజల్లో ఏదో ఒకదాని మీద కన్నుపెట్టి, ముద్ద ఒత్తుతున్నప్పుడు చూడమన్నాను. మిగతావన్నీ దాన్నుంచే దూరం జరుగుతున్నాయి, దూరంగా ఉన్నవి ఇంకా ఎక్కువ జరుగుతున్నాయి. ఇంకో గింజను చూడమంటే అక్కడా అంతే. గింజలు పరిగెత్తడం లేదు, పిండే సాగుతోంది. విశ్వం మొదలైన తీరుకు పెట్టిన పేరు బిగ్ బ్యాంగ్ అంటే ఎక్కడో ఒక చోట బాంబు పేలడం కాదని నాకూ అప్పుడే మనసుకెక్కింది. గారెకు అంచుంటుంది, విశ్వానికి అలాంటి అంచు ఉండాల్సిన పనిలేదు, పోలిక అక్కడిదాకానే. సాగడాన్ని వెనక్కి తిప్పుకుంటూ పోతే 1380 కోట్ల సంవత్సరాల కింద అంతా దగ్గరగా, విపరీతమైన వేడిగా ఉండేది. ఆ వేడి మిగులునే 1965లో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రేడియో యాంటెన్నాలో పట్టుకున్నారు. విచిత్రమేమిటంటే ఆండ్రోమెడా మాత్రం మనవైపే వస్తోంది, ఇంత దగ్గర్లో గురుత్వాకర్షణదే పైచేయి.

తొమ్మిది దాటాక మంచుకు టెలిస్కోపు ముందు అద్దం చెమర్చింది. గుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి. నల్ల చార్టు పేపరును గొట్టంలా చుట్టి ముందుకు జానెడు బయటికి ఉండేలా తొడిగితే ఇంకో రెండు గంటలు ఆగింది.

ఐదుకు మూడున్నర ఇస్తాను, పోయిన ఒకటిన్నర స్టాండుకూ ఆ నల్ల బిళ్లకూ. బడ్జెట్ ఇంకో రెండు మూడు వేలు పెరిగితే గట్టి స్టాండున్నది కొనండి. ఇప్పటికే కొన్నవాళ్లు 12.5 ఐపీసు పెట్టి, గురుగ్రహం కనిపించే రాత్రి దాని వైపు తిప్పండి. మాది ఇప్పుడు ఊళ్లోనే ఉంది, నాయిన ఇవ్వనన్నాడు.