‘ఆంధ్ర రాష్ట్రం 1953–56’ స్పైరల్ నోట్సు: కొనొచ్చా?

శ్రీకాకుళంలో గ్రూప్-2కి చదివే పిల్లల చేతుల్లో తిరుగుతున్న ఈ నోట్సు 120 రూపాయలు. ప్రకాశం పంతులు ప్రభుత్వం మీదున్న అధ్యాయం కోసమైనా కొనొచ్చు. చాలా గైడ్లు రెండు లైన్లలో తేల్చేసే ఆ పదమూడు నెలల్ని ఇందులో విడమరిచి రాశారు.

140 మంది సభలో కాంగ్రెస్‌కు సొంత బలం చాలదు. ఎదురుగా కమ్యూనిస్టులు గట్టిగా ఉన్నారు. అందుకే ప్రజా సోషలిస్టు పార్టీని వదిలొచ్చిన ప్రకాశాన్ని ముందు నిలబెట్టారు. 1953 అక్టోబరు 1న కర్నూలులో ఆయన ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. అంటే నాయకుడికి వెనక సొంత పార్టీ లేదు, పార్టీకి మెజారిటీ లేదు. ఈ మెలిక అర్థమైతే తర్వాతి బిట్లన్నీ వాటంతటవే వస్తాయి.

చివరికి మద్యనిషేధం దగ్గర తెగింది. నిషేధం ఎత్తేయమని రామమూర్తి కమిటీ చెప్పింది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరు 6న అవిశ్వాసంలో ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ నిషేధం మీద కల్లుగీత కార్మికుల పోరాటాన్ని నడిపిన మన బారువ గౌతు లచ్చన్న పేరు ఇక్కడ ఒక్కసారే, అదీ బ్రాకెట్లో వేశారు. సిక్కోలులో (శ్రీకాకుళంలో) తయారైన నోట్సులో ఇది పెద్ద లోటే.

తప్పులున్నాయి, పెన్నుతో దిద్దుకోండి. సభ్యుల సంఖ్య ఒకచోట 196 అని పడింది. అది 1955 ఎన్నికల నాటి లెక్క. ప్రభుత్వం ఓడింది నవంబరు 6న, రాష్ట్రపతి పాలన వచ్చింది 15న. నోట్సులో రెంటికీ ఒకే తేదీ ఇచ్చారు. ప్రకాశం 1946–47 మద్రాసు మంత్రివర్గాన్నీ ఈ 1953 మంత్రివర్గాన్నీ ఒకే పట్టికలో కలిపేశారు. మద్రాసులోనూ ఆయన మధ్యలోనే దిగిపోయారు, కాకపోతే అక్కడ దించింది సొంత పార్టీవాళ్లే. కాబట్టి చదివేవాడు ఇట్టే తికమకపడతాడు. మ్యాపులో విజయనగరం జిల్లా గీశారు. ఆ జిల్లా 1979లో గానీ పుట్టలేదు. అప్పట్లో పార్వతీపురం, బొబ్బిలి శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి.

ప్రాక్టీసు బిట్లు మామూలుగానే ఉన్నాయి, జవాబులకు వివరణ లేదు.

జిరాక్సుకు జిరాక్సు తీసిన కాపీలు కూడా అదే ధరకు అమ్ముతున్నారు. కొనేముందు తేదీల పట్టిక తెరిచి చూడండి. 1953లోని 3, 8లా కనిపిస్తే ఆ కాపీ వద్దని వేరేది అడగండి.