ముప్పై లక్షలకు పాత వోల్వోనా, కొత్త దేశవాళీ ఎస్‌యూవీనా? నెల్లూరు, ఒంగోలు రోడ్ల మీద ఏది మేలు?

నెల్లూరు, ఒంగోలు షోరూములలో, కార్లను గుద్దించి చూసే భద్రతా పరీక్షలో బండికి "ఎన్ని స్టార్లు?" అన్న ప్రశ్న ఇప్పుడు మైలేజీ ప్రశ్నతో సమానంగా వినిపిస్తోంది. పదేళ్ళ కిందట అలా అడిగిన వారిని సేల్స్ కుర్రవాడు వింతగా చూసేవాడు. వంద కౌంటు (కిలోకు వంద తూగే) రొయ్య మంచి ధర పలికిన ఏడాది కోవూరు, ఇందుకూరుపేట వైపున, గ్రానైటు ఎగుమతి బాగున్న ఏడాది చీమకుర్తి వైపున కారు మార్చే ఆలోచన మొదలవుతుంది. అప్పుడు ముప్పై లక్షలు పెట్టగలిగిన ఇంట్లో తప్పనిసరిగా ఒక చర్చ నడుస్తుంది. ఆ డబ్బుతో 2018-20 మధ్య మోడల్ వోల్వో ఎక్స్‌సీ60ని సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోవచ్చు, లేదా మహీంద్రా ఎక్స్‌యూవీ700, టాటా హారియర్ వంటి బండిని టాప్ మోడల్‌లో కొత్తగా తీసుకోవచ్చు. హోదా, రంగు, సన్‌రూఫ్ సంగతులు పక్కన పెట్టి, మనిషి క్షేమంగా ఇంటికి చేరడం అన్న ఒక్క లెక్క మీదనే ఈ రెండింటినీ తూచి చూద్దాం.

మన వైపు వోల్వో అంటే ముందుగా గుర్తుకు వచ్చేది రాత్రిపూట హైదరాబాదుకో బెంగళూరుకో బయలుదేరే ఏసీ బస్సు. ఆ బస్సు ఏబీ వోల్వో అనే సంస్థది. అది తన కార్ల విభాగాన్ని 1999లో ఫోర్డుకు అమ్మివేసింది, ఫోర్డు దానిని 2010లో చైనాకు చెందిన జీలీకి అమ్మింది. కాబట్టి బస్సు మీద ఉన్న అభిమానాన్ని గాని, బస్సు ప్రమాదాల వార్తలు చదివి కలిగిన భయాన్ని గాని కారుకు అంటగట్టడం సరికాదు. "చైనావాళ్ళ చేతికి పోయాక ఇంకేం వోల్వో" అనే మాట కూడా వింటూ ఉంటాం గాని, మనం చూస్తున్న ఎక్స్‌సీ60 జీలీ చేతికి వచ్చిన ఏడేళ్ళకు, 2017లో వచ్చిన బండి. ఆ ఏడాదే, యూరప్‌లో కొత్త కార్లను గుద్దించి మార్కులు వేసే యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణ విభాగంలో 98 శాతం తెచ్చుకుంది.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1927లో అస్సార్ గాబ్రియెల్సన్, గుస్తాఫ్ లార్సన్ మొదటి కారును బయటికి తెచ్చినప్పటి నుంచి ఈ సంస్థకు పెద్ద చరిత్రే ఉంది. అందులో మనకు నేరుగా సంబంధించిన సంవత్సరం 1959. సాబ్ సంస్థలో యుద్ధ విమానాల పైలట్లను ఆపద సమయంలో బయటికి విసిరే సీట్ల మీద పనిచేసి వచ్చిన నీల్స్ బోలిన్ అనే ఇంజనీరు, ఆ ఏడాది మూడు చోట్ల బిగించే సీటుబెల్టును వోల్వో కార్లలో పెట్టించాడు. అంతకు ముందు కార్లలో ఎక్కువగా కనిపించే నడుము బెల్టు, బండి గుద్దుకున్నప్పుడు ఛాతీని, తలను ముందుకు వదిలేసేది. బోలిన్ పట్టీని భుజం మీదుగా ఏటవాలుగా దించి, తుంటి మీదుగా అడ్డంగా తిప్పి, రెండూ సీటు పక్కన కిందుగా ఒకేచోట కలిసేలా అమర్చాడు; దెబ్బ బరువంతా దానిని ఓర్చుకోగల గట్టి ఎముకల మీద పడుతుంది, పెట్టుకోవడానికి ఒక్క చేయి చాలు. వోల్వో ఆ పేటెంటును మిగిలిన కంపెనీలు కూడా వాడుకునేలా వదిలివేసింది. అంటే ఈ రోజు హారియర్‌లో ఉన్నదీ, ఆల్టోలో ఉన్నదీ బోలిన్ రూపొందించిన ఆ బెల్టే. వోల్వో చరిత్రలోని అన్నింటికంటే విలువైన వస్తువు మనకు వోల్వో కొనకుండానే అందుతోంది గనుక, అదనంగా పెట్టే డబ్బు దాని తరువాత వచ్చిన పొరలకు మాత్రమేనని గుర్తుంచుకోవాలి.

ఆ పొరలు తక్కువవేమీ కావు. 1967లో 28,000 ప్రమాదాలను పరిశీలించి బెల్టు ప్రయోజనాన్ని లెక్కలతో చూపించిన ఈ సంస్థ, 1970 నుంచి ప్రమాదం జరిగిన చోటికే వెళ్ళి వివరాలు సేకరించే బృందాన్ని నడుపుతోంది. పక్క నుంచి గుద్దితే కాపాడే నిర్మాణం, పక్క ఎయిర్‌బ్యాగులు, వెనుక నుంచి గుద్దినప్పుడు మెడ విరగకుండా వెనక్కి ఒదిగే సీట్లు, కిటికీల మీదుగా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు అన్నీ 1990లలో వరుసగా వచ్చాయి. ముందున్న బండిని గుద్దబోతుంటే తానే బ్రేకు వేసే ఏర్పాటు 2008లో మొదటి తరం ఎక్స్‌సీ60తోనే వచ్చింది. 2020 నాటికి కొత్త వోల్వోలో ఎవరూ చనిపోకూడదు, తీవ్రంగా గాయపడకూడదు అని పెట్టుకున్న లక్ష్యం మాత్రం నెరవేరలేదు. ఆ ఏడాది నుంచి కార్ల గరిష్ఠ వేగాన్ని గంటకు 180 కిలోమీటర్లకు పరిమితం చేశారు.

గెస్ పేపరు చదివే విద్యార్థికీ, పుస్తకమంతా చదివే విద్యార్థికీ ఉన్న తేడా అనుకోని ప్రశ్న వచ్చినప్పుడే బయటపడుతుంది; కార్ల కంపెనీలకూ అంతే. 2012లో అమెరికాలో బీమా కంపెనీల సొమ్ముతో నడిచే ఐఐహెచ్ఎస్ అనే రోడ్డు భద్రతా సంస్థ, కారు ముందుభాగంలో ఒక మూల మాత్రమే తగిలేలా కొత్త పరీక్ష పెట్టినప్పుడు, 11 ఖరీదైన కార్లలో వోల్వో ఎస్60, అక్యురా టీఎల్ మాత్రమే అత్యుత్తమ శ్రేణిలో నిలిచాయి. మెర్సిడెస్ సీ-క్లాస్, ఆడి ఏ4 వంటివి అట్టడుగుకు పోయాయి. రోడ్డు పక్కన ఆపి ఉంచిన లారీ మూల తగలడం అంటే ఏమిటో పదహారవ నంబరు జాతీయ రహదారి మీద తిరిగే వారికి వివరించనక్కరలేదు. వోల్వో పక్షాన ఉన్న వాదనలన్నింటిలోనూ నాకు బలంగా తోచేది ఇదే.

అయితే మన దేశపు కార్లు కూడా 2014 నాటి చోట నిలిచిపోలేదు. ఆ ఏడాది జనవరిలో, యూరో ఎన్‌క్యాప్ తరహాలోనే కార్లను గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షించిన ఐదు చిన్న కార్లకూ సున్నా స్టార్లు వచ్చాయి. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ మన దేశంలో తయారై ఐదు స్టార్లు తెచ్చుకున్న మొదటి కారు అయింది. 2021లో అదే గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో ఎక్స్‌యూవీ700కు పెద్దల రక్షణలో 17కు 16.03 పాయింట్లు, 2023లో మన ప్రభుత్వం పెట్టిన భారత్ ఎన్‌క్యాప్‌లో హారియర్‌కు 32కు 30.08 పాయింట్లు వచ్చాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎక్స్‌సీ60, ఎక్స్‌యూవీ700, హారియర్ స్టార్లు మూడు వేర్వేరు పరీక్షలలో, వేర్వేరు సంవత్సరాలలో వచ్చినవి గనుక, పక్కపక్కన పెట్టి ఐదూ ఐదూ సమానమే అనడానికి వీలు లేదు. పైగా భారత్ ఎన్‌క్యాప్ ముందు ఢీ పరీక్ష గంటకు 64 కిలోమీటర్ల వేగంతో జరుగుతుంది. వెంకటాచలం టోల్‌గేటు దాటాక మన బండ్లు ఎంత వేగంతో పోతాయో అందరికీ తెలుసు. లారీ వెనుక భాగం కిందికి కారు దూరిపోతే ఏమవుతుందో ఆ పరీక్షలు కొలవవు. అక్కడ బానెట్టు లారీ కిందికి పోయి దెబ్బ నేరుగా అద్దానికి తగులుతుంది, అప్పుడు ఏ బ్రాండు పేరూ పెద్దగా అక్కరకు రాదు. అక్కడ పనికొచ్చేది ముందే పడే బ్రేకు. అది ఎక్స్‌యూవీ700లోనూ, హారియర్‌లోనూ పై వేరియంట్లలోనే ఉంటుంది గనుక, లక్షన్నర మిగులుతుందని కింది వేరియంటుకు దిగితే ఈ పోలికలో సగం అర్థం పోతుంది. పాత వోల్వో కొనేవారు కూడా ఆ బండిలో ఏయే ఏర్పాట్లు ఉన్నాయో బండి తెర మీద మెనూ తెరిచి చూసుకోవాలి.

యజమానులు ఏమంటున్నారని వింటే, ఏ బండి వారిది ఆ బండి గురించి దాదాపు ఒకే పాట. వోల్వో వాళ్ళు సీట్ల గురించి మొదలుపెడితే ఆపరు. ఒంగోలు నుంచి చెన్నై దాకా నడిపినా నడుము పట్టేయదని, నూటపది మీద కూడా బండి నేలకు అతుక్కున్నట్టు ఉంటుందని చెబుతారు. ఏసీ తగ్గించాలన్నా తెర మీద వేలితో వెతుక్కోవాలన్నది వారి చిరాకు. సర్వీసు బిల్లు, విడిభాగాల కోసం ఎదురుచూపు, అమ్మబోతే వచ్చే ధర వారి అసలు బాధ. 2017 డిసెంబరులో ఎక్స్‌షోరూం 55.90 లక్షలకు విడుదలైన బండి ఇప్పుడు ముప్పై లోపు దొరకడం మొదటి యజమానికి నష్టం, మనకు ఎర. దేశవాళీ ఎస్‌యూవీల వాళ్ళు ఇంజను బలాన్ని, రోడ్డు మీద బండి కనిపించే తీరును మెచ్చుకుంటూనే, తెర ఆగిపోవడం, కారణం లేకుండా హెచ్చరిక దీపాలు వెలగడం, అడ్డదిడ్డంగా వచ్చే మోటారుసైకిలును చూసి బండి తానే గట్టిగా బ్రేకు వేయడం గురించి చెబుతారు. ఆ చివరి చిరాకుతో చాలామంది ఆ ఏర్పాటునే ఆపివేస్తారు. ఎదురు దారిలో వచ్చే బండ్లు, బర్రెలు, వెనుక దీపం లేని ట్రాక్టర్లు ఉన్న మన రోడ్డు మీద అది తడబడడం సహజమే గాని, రాత్రి ప్రయాణంలోనైనా దానిని ఆన్ చేసి ఉంచుకోవాలి. ఆ ట్రాక్టరు కోసమే కదా దానికి డబ్బు పెట్టాం.

నా మొగ్గును ఒక వైపుకు తిప్పింది మరమ్మతు. ముందు అద్దం పగిలిందనుకోండి. దాని వెనుక ఉండే కెమెరా రోడ్డును సరిగా చూడాలంటే కొత్త అద్దం బిగించాక కాలిబ్రేషన్ చేయాలి, అంటే కెమెరా చూపును కొలిచి సరిదిద్దాలి, అది ఆటోనగర్ షెడ్డులో జరిగే పని కాదు. ఎక్స్‌యూవీ700కో హారియర్‌కో అయితే నెల్లూరులోనూ ఒంగోలులోనూ కంపెనీ వర్క్‌షాపు ఉంది. వోల్వోకు అయితే నెల్లూరు నుంచి చెన్నైకి దాదాపు 175 కిలోమీటర్లు, ఒంగోలు వారికి మరో 120 అదనం. బండి కదలని స్థితిలో ఉంటే ఫ్లాట్‌బెడ్ లారీ ఎక్కించాలి. ఇంత దూరం ఉన్నప్పుడు మనిషి ఏం చేస్తాడో మనకు తెలిసిందే: ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగినా "వచ్చే నెల చూద్దాం" అంటాడు, వానాకాలం దాకా ఆ వచ్చే నెల రాదు. స్ప్రింగుల బదులు గాలి నింపిన సంచుల మీద నిలిచే ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండి ఒక మూల కుంగితే ఖర్చు లక్షల్లోకి పోతుంది. సెన్సారు చచ్చిన వోల్వో కంటే అన్నీ పనిచేస్తున్న హారియర్ క్షేమమని చెప్పడానికి ఇంజనీరు కానక్కరలేదు.

ఇక రెండు బండ్లకూ సమానంగా మనవాళ్ళు చేసే అపచారాలు కొన్ని ఉన్నాయి. డెలివరీ తీసుకున్న సాయంత్రమే సీటు కవర్ల దుకాణానికి పోతాం. సీటు బయటి అంచులో "ఎయిర్‌బ్యాగ్" అని కుట్టిన చిన్న గుడ్డముక్క ఉంటుంది. పక్క ఎయిర్‌బ్యాగు అక్కడి కుట్టు చీల్చుకొని బయటికి రావాలి. దాని మీద మందపాటి రెక్సిన్ బిగించి కుడితే అది ఎటు నుంచి వస్తుంది? అదే కవరు వెనుక సీటు బకిల్స్‌ను కూడా కిందికి తొక్కేస్తుంది, ఆ తరువాత వెనుక కూర్చున్నవారు బెల్టు పెట్టుకుందామన్నా దొరకదు. ముందు బంపరుకు ఇనుప క్రాష్‌గార్డు బిగించడాన్ని కేంద్రం 2017 డిసెంబరులోనే నిషేధించినా, ఇప్పటికీ దానిని బలానికి గుర్తుగా చూసేవారున్నారు. అది దెబ్బ లెక్కను మార్చి ఎయిర్‌బ్యాగు తెరుచుకోవలసిన క్షణాన్ని చెడగొట్టగలదు. 2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణ కావలిలో ఒక పెళ్ళికి తానే కారు నడుపుకుంటూ వస్తూ నల్గొండ జిల్లాలో ప్రమాదానికి గురై మరణించారు. ఆయన సీటుబెల్టు పెట్టుకోలేదని అప్పట్లో వార్తలు వచ్చాయి. వెనుక సీటులో కూడా బెల్టు తప్పనిసరి అని, పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని చట్టంలో ఉన్నా, మన పెళ్ళి ప్రయాణాలలో అది ఎంతమందికి గుర్తుంటుందో చెప్పలేం.

ఈ లెక్కలన్నీ చూసిన మీదట, నెల్లూరులోనో ఒంగోలులోనో ఉంటూ ఇంట్లో ఉన్న ఒక్క కారుతోనే పిల్లల చదువు, ఆసుపత్రి, తిరుమల ప్రయాణం అన్నీ నడుపుకునే కుటుంబానికి కొత్త దేశవాళీ బండి పై వేరియంటే మేలు. నిర్మాణంలో వోల్వోది ఒక మెట్టు పైచేయే. ఆ మెట్టును నిలబెట్టే వర్క్‌షాపు ఊళ్ళో లేదు. వ్యాపారం మీద నెలనెలా చెన్నైకి పోయేవారు, ఇంట్లో రెండవ బండి ఉన్నవారు, కొన్న తరువాత మరో మూడు నాలుగు లక్షలు మరమ్మతుకు పక్కన పెట్టగలవారు మాత్రం ఎక్స్‌సీ60ని నిరభ్యంతరంగా చూడవచ్చు.

అలా చూసేవారు బేరం మొదలుపెట్టకముందే ప్రతి సీటుబెల్టునూ చివరిదాకా లాగి చూడాలి. అడుగున కుట్టిన చీటీ మీద తయారీ తేదీ ఉంటుంది. అది బండి తయారైన ఏడాదికి సరిపోకపోతే ఆ బెల్టు ఒకసారి మార్చినది, చాలాసార్లు దానికి కారణం గుద్దుడే. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కొద్ది క్షణాల్లో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా అనుమానించాలి. టైరు పక్కన ఉండే నాలుగంకెలు కూడా చదవాలి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైన టైరు. బండి తక్కువ తిరిగింది గనుక అరుగు బాగానే కనిపిస్తుంది గాని, మే నెలలో ప్రకాశం జిల్లా ఎండకు ఆ రబ్బరును నమ్మి వంద దాటడం మంచిది కాదు. నాలుగు కొత్త టైర్ల ఖర్చును బేరంలోనే తగ్గించమని అడగాలి.