పెళ్లికి హెలికాప్టర్ మాట్లాడుకునేవారికి హెచ్చరిక: పైలట్ లైసెన్సు, మెడికల్ చూడనిదే అడ్వాన్సు ఇవ్వకండి

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో పెళ్లిళ్లకు, షష్టిపూర్తులకు, గృహప్రవేశాలకు హెలికాప్టర్ ఏర్పాటు చేస్తామని తిరుగుతున్న మధ్యవర్తులకు అడ్వాన్సు ఇవ్వబోయేవారు ముందుగా ఈ సంగతి చదవాలని మనవి. మాకు కుదిర్చిన హెలికాప్టర్‌కు బాడుగకు తిరిగే అనుమతి లేదు. దానిని నడపడానికి వస్తానన్న వ్యక్తికి అసలు హెలికాప్టర్ లైసెన్సే లేదు. ఆయన వైద్య ధ్రువపత్రం, అంటే పైలట్లందరూ మెడికల్ అని పిలిచే కాగితం, గడువు దాటి ఎనిమిది నెలలైంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మధ్యవర్తి తనంతట తాను చెప్పలేదు, పట్టుబట్టి కాగితాలు తెప్పించుకున్నాకే బయటపడ్డాయి. డబ్బు విషయంలో వివాదం ఇంకా తేలలేదు కాబట్టి ఆయన పేరు, సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు.

తాడేపల్లి, మంగళగిరి మధ్య ఉన్న ఒక కల్యాణ మండపంలో మా అన్నయ్య కుమార్తె వివాహం. పెళ్లికొడుకును హెలికాప్టర్‌లో దింపాలని, మండపం మీద పూలవర్షం కురిపించాలని ఇంట్లో పిల్లలు ముచ్చటపడ్డారు. బెంజి సర్కిల్ దగ్గర కార్యాలయం పెట్టుకున్న ఒక ఈవెంట్ నిర్వాహకుడు, మిగిలినచోట్ల చెప్పిన ధరలో ఇంచుమించు సగానికే ఒప్పుకుంటానన్నాడు. హెలికాప్టర్ ఒక పారిశ్రామికవేత్త సొంతమనీ, ఊరికే పడి ఉంటుంది కాబట్టి ఇంధనం ఖర్చు ఇస్తే చాలనీ, నడిపేది ఆయన స్నేహితుడేననీ చెప్పాడు. లక్ష రూపాయలు అడ్వాన్సు తీసుకుని ఇచ్చిన రసీదులో హెలికాప్టర్ అన్న మాటే లేదు, ‘మండపాలంకరణ నిమిత్తం’ అని ఉంది. వృత్తిరీత్యా ఇతరుల లెక్కలు, రసీదులు చూసే నాకు ఆ రెండు మాటలు రుచించలేదు. పైలట్ కాగితాలు చూపితేనే మిగతా సొమ్ము ఇస్తామని కబురు చేశాను. “పెళ్లి పనుల మధ్య ఈ కాగితాల గొడవ ఏమిట్రా” అని అన్నయ్య విసుక్కున్నాడు గాని, 2002 మార్చిలో లోక్‌సభ స్పీకర్ బాలయోగి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలిన సంగతి వదినగారు గుర్తు చేయగానే ఇక మాట్లాడలేదు.

వాట్సాప్‌లో రెండు ఫొటోలు వచ్చాయి. మొదటిది లైసెన్సు. పైన ప్రైవేట్ పైలట్ లైసెన్సు అని ఉంది, నడపడానికి అర్హత ఉన్న విమానాల గడిలో సెస్నా 152, సెస్నా 172 అని రెండే పేర్లు ఉన్నాయి. రెండూ శిక్షణకు వాడే, రెక్కలున్న చిన్న విమానాలు. విమానం లైసెన్సు వేరు, హెలికాప్టర్ లైసెన్సు వేరు, ఒకటి ఉన్నంత మాత్రాన రెండవది నడపడానికి వీల్లేదు. రెండవ ఫొటో మెడికల్. అందులో చెల్లుబాటు తేదీ ఉన్న వరుస మీద, సరిగ్గా ఆ వరుస మీదనే, ఫొటో తీసిన మనిషి బొటనవేలు ఉంది. పూర్తి కాగితం కావాలని అడిగితే, మరునాటి రాత్రి బాగా పొద్దుపోయాక పంపారు. తేదీ దాటిపోయిందని ఫోన్ చేసి అడిగితే వచ్చిన జవాబు ఇది: “రెన్యూవల్‌లో ఉందండీ, ఏం ఫరవాలేదు.”

ఈ ‘రెన్యూవల్‌లో ఉంది’ అన్న మాట దగ్గరే చాలామంది మెత్తబడతారు, అందుకే దాని గురించి కొంత వివరంగా రాస్తున్నాను. మెడికల్‌కు గడువు తీరిన రోజు నుంచి, కొత్తది చేతికి వచ్చే వరకు, ఆ పైలట్ లైసెన్సుతో ఎగరడానికి వీల్లేదు. దరఖాస్తు పెట్టుకున్నాను, పరీక్షలు అయిపోయాయి, డాక్టరుగారు ఊళ్లో లేరు వంటి సమాధానాలకు అక్కడ చోటు లేదు. ప్రైవేట్ పైలట్‌కు రెండవ తరగతి మెడికల్ సరిపోతుంది, డబ్బు తీసుకుని ప్రయాణికులను తిప్పే కమర్షియల్ పైలట్‌కు మొదటి తరగతిది ఉండాలి. మొదటి తరగతి మెడికల్ ఏడాదికి మించి చెల్లదు. చూపు, రంగులను గుర్తించే శక్తి, వినికిడి, రక్తపోటు, రక్తంలో చక్కెర, గుండె ఈసీజీ వంటివన్నీ అందులో చూస్తారు. పెద్ద విమానంలో ఒక పైలట్‌కు హఠాత్తుగా ఒంట్లో బాగోలేకపోతే పక్కన రెండవ పైలట్ ఉంటాడు. పెళ్లిళ్లకు తెచ్చే నాలుగు సీట్ల హెలికాప్టర్‌లో నడిపేవాడు ఒక్కడే, ఆయనకు కళ్లు తిరిగితే వెనుక కూర్చున్న పెళ్లికొడుకు చేయగలిగింది ఏమీ లేదు.

లైసెన్సు విషయంలోనూ ఇలాంటి గందరగోళమే ఉంది. “పైలటేనండీ, లైసెన్సు ఉంది” అంటే మనం తృప్తిపడిపోతాం. ప్రైవేట్ లైసెన్సుకు కనీసం 40 గంటలు ఎగిరితే చాలు, విమానాల కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు కావాలి. ప్రైవేట్ లైసెన్సు ఉన్నవాడు తన సరదాకు, తన పనికి ఎగరవచ్చు, తన వాళ్లను ఎక్కించుకోవచ్చు, పైలట్‌గా ప్రతిఫలం మాత్రం పుచ్చుకోకూడదు. ఇక హెలికాప్టర్ యజమాని ఎంత పెద్దమనిషైనా, ప్రైవేటు వాడకానికి నమోదు చేసుకున్న దానిని బాడుగకు తిప్పాలంటే డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ సివిల్ ఏవియేషన్, అంటే డీజీసీఏ, ఇచ్చే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ ఉండాలి. ‘ఇంధనం ఖర్చు మాత్రమే’ అని చెప్పడం, రసీదులో మండపాలంకరణ అని రాయడం ఈ నియమాన్ని పక్కదారి పట్టించడానికేనన్నది నా అభిప్రాయం. పూలవర్షానికి కూడా వేరే అనుమతి కావాలన్న సంగతి చాలామందికి తెలియదు. ఎగురుతున్న విమానం నుంచి వస్తువులు కింద వేయడాన్ని 1937 నాటి విమాన నియమావళిలోని 26వ నియమం కట్టడి చేస్తుంది. ఆ అనుమతి గురించి అడిగినప్పుడు మా మధ్యవర్తి నవ్వి, “పూలే కదండీ” అన్నాడు.

ఇటువంటి ఏర్పాటు ఎక్కడికి దారితీస్తుందో చెప్పడానికి లోకమంతా చూసిన ఉదంతం ఒకటి ఉంది. 2019 జనవరి 21 రాత్రి ఎమిలియానో సలా అనే అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడు ఫ్రాన్సులోని నాంత్ నుంచి బ్రిటన్‌లోని కార్డిఫ్‌కు ఒంటి ఇంజను పైపర్ మాలిబు విమానంలో బయలుదేరి, దారిలో ఇంగ్లిష్ చానల్‌లో కూలి మరణించాడు. నడిపిన వ్యక్తిది ప్రైవేట్ లైసెన్సు. డబ్బుకు ప్రయాణికులను తీసుకువెళ్లే హక్కు ఆయనకు లేదు, రాత్రి వేళ నడిపే అర్హత లేదు, ఆ తరగతి విమానానికి ఉండవలసిన రేటింగ్, అంటే లైసెన్సు మీద నమోదయ్యే అర్హత, గడువు కూడా దాటిపోయింది. విమానం అదుపు తప్పిందనీ, ఎగ్జాస్ట్ నుంచి లోపలికి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ పైలట్ మీద ప్రభావం చూపి ఉండవచ్చనీ దర్యాప్తు అధికారులు తేల్చారు. ఆ విషవాయువు లైసెన్సు చూసి రాదు, నిజమే. కాని బాడుగకు తిరిగే విమానాల మీద ఉండే తనిఖీ, నిఘా ఇలాంటి దొడ్డిదారి ప్రయాణాల్లో ఉండవు. ఆ ప్రయాణాన్ని ఏర్పాటు చేసిన వ్యక్తికి 2021లో అక్కడి న్యాయస్థానం 18 నెలల జైలు శిక్ష వేసింది. మన మధ్యవర్తులు ఈ ఒక్క విషయమైనా చదువుకుంటే బాగుంటుంది.

బీమా సంగతి ఇంట్లో పెద్దలు తప్పక ఆలోచించాలి. మన జీవిత బీమా పాలసీల్లో ప్రమాద ప్రయోజనానికి ఉండే షరతులు తీసి చూడండి. ప్రయాణికులను ఎక్కించుకోవడానికి నియమాల ప్రకారం అధికారం ఉన్న విమానంలో ప్రయాణికుడిగా ఉన్నప్పుడు తప్ప, ఆకాశయానంలో జరిగే ప్రమాదానికి ఆ ప్రయోజనం వర్తించదని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. హెలికాప్టర్‌కు యజమాని తీసుకున్న బీమా కూడా, నడిపేవాడికి చెల్లే లైసెన్సు, మెడికల్ లేకపోతే చిక్కుల్లో పడుతుంది. కింద నిలబడిన బంధువులకు, పక్క పొలంవాడికి నష్టం జరిగితే ఎవరు చెల్లిస్తారని అడిగినప్పుడు మా మధ్యవర్తి దగ్గర జవాబు లేదు.

మేము ఒప్పందం రద్దు చేసుకున్నాం, పెళ్లికొడుకు పూలు కట్టిన కారులో వచ్చాడు. అడ్వాన్సు తిరిగి అడిగితే, ‘పైలట్‌ను బుక్ చేసేశాం’ అంటూ అందులో సగమే ఇస్తామంటున్నారు. లైసెన్సు లేని పైలట్‌ను బుక్ చేసినందుకు మేమెందుకు చెల్లించాలో వారే చెప్పాలి. లాయరు ద్వారా నోటీసు పంపాం. డీజీసీఏకు ఫొటోలతో సహా ఫిర్యాదు రాశాం.

హెలికాప్టర్ మాట్లాడుకునేవారు బేరం కుదరక ముందే, తోకమీద వీటీ అక్షరాలతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు అడిగి రాసుకోండి. నాన్ షెడ్యూల్డ్ పర్మిట్ ఉన్న సంస్థల జాబితా డీజీసీఏ వెబ్‌సైటులో ఉంటుంది, మీకు రసీదు ఇచ్చే సంస్థకో, అది కుదిర్చిన ఆపరేటర్‌కో ఆ పర్మిట్ ఉందేమో చూడండి. పైలట్ కాగితాలకు వాట్సాప్ ఫొటోను నమ్మవద్దు. 2025 ఫిబ్రవరిలో పౌర విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు పైలట్లకు ఎలక్ట్రానిక్ లైసెన్సును ప్రారంభించారు. అది డీజీసీఏ వారి ఈజీసీఏ యాప్‌లో కనిపిస్తుంది, పైలట్‌నే మీ ఎదుట ఫోన్ తెరిచి చూపమనండి. అందులో హెలికాప్టర్ అన్న మాట, కమర్షియల్ అన్న మాట రెండూ ఉండాలి, మీ శుభకార్యం తేదీ దాటేవరకు మొదటి తరగతి మెడికల్ చెల్లాలి. దిగే స్థలానికి జిల్లా యంత్రాంగం, పోలీసుల అనుమతి కాగితం ఎవరు తెస్తారో ఒప్పందంలో రాయించుకోండి, “మేం చూసుకుంటామండీ” అన్న మాట సరిపోదు.

ఇప్పటికే సొమ్ము కట్టి ఇరుక్కున్నవారు రసీదు, బ్యాంకు చెల్లింపు వివరాలు, వాట్సాప్ సంభాషణలు చెరిపేయకుండా భద్రపరచుకోవాలి. వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. అక్కడ పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే దానికి ఫీజు కూడా ఉండదు. ఇదే పద్ధతిలో, మండపాలంకరణ పేరిట రసీదు అందుకున్నవారు ఇంకెవరైనా ఉంటే తెలియజేయండి, కలిసి ఫిర్యాదు చేసే వీలుందేమో మా లాయరుగారు చూస్తున్నారు.