డయాలసిస్ వాళ్ల కోసమన్న గుండె చెకప్ ప్యాకేజీ: 5కి 3 స్టార్లు

మా ఆయనకు వారానికి 3 సార్లు డయాలసిస్. రక్తనాళాలు ఎంత గట్టిపడ్డాయో చూపిద్దామని ఈ ప్యాకేజీ తీసుకున్నాం. సెంటర్ పేరు రాయను.

మెడ స్కానింగ్ బాగా చేశారు. చల్లటి జెల్ రాసి, మెదడుకు రక్తం తీసుకెళ్లే కరోటిడ్ నాళంలో పేరుకున్న ప్లాక్‌ను (కొవ్వు గారను) స్క్రీన్ మీద మాకూ చూపిస్తూ గోడ మందం కొలిచారు. తొందరపెట్టలేదు.

చిరాకంతా కాలి దగ్గర మొదలైంది. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 1.5 వచ్చింది. "నార్మల్ కంటే ఎక్కువే, సూపర్" అంది అక్కడి అమ్మాయి. సూపర్ ఏంటి? కిడ్నీ రోగుల్లో నాళాల గోడల్లో కాల్షియం చేరితే కఫ్ ఎంత బిగించినా అవి సరిగ్గా నొక్కుకోవు. 1.4 దాటిందంటే ఆ లెక్కను నమ్మడానికి లేదు, కాలి బొటనవేలికి చిన్న కఫ్ కట్టి మళ్లీ చూడాలి. గట్టిగా అడిగాకే చేశారు. అన్నట్టు, మొదట కఫ్‌ను ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన నాళం) ఉన్న చేతికే చుట్టబోయారు, ఆ చేతికి బీపీ చూడకూడదు! నేనే చెయ్యి అడ్డం పెట్టాను.

ఎకోకి (గుండె స్కానింగ్‌కి) మాత్రం డయాలసిస్ లేని రోజు, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) దగ్గర ఉన్నప్పుడు రమ్మని ముందే ఫోన్ చేసి చెప్పారు. ఒంట్లో నీరు ఎక్కువుంటే గుండె కొలతలు తేడా వస్తాయి కదా. మూడో స్టార్ దానికే. నాళాల్లో కాల్షియం చేరడంతో సంబంధమున్న ఫాస్ఫరస్, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) రక్తపరీక్షల ఊసే రిపోర్టులో లేదు, అవి మా నెఫ్రాలజిస్టే చూసుకున్నారు.