సీమ గొంతుకు సొంత పార్టీనా, ఇండిపెండెంటా?

కర్నూలులో మా మిత్రుల మధ్య నెలల తరబడి ఒకటే చర్చ. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒప్పందం నాటి నీళ్ల మాట, అంటే నదీజలాల్లో సీమకు ప్రాధాన్యం ఇవ్వాలన్న మాట, అసెంబ్లీలో గట్టిగా వినిపించాలంటే పార్టీ పెట్టాలా, ఇండిపెండెంటుగా నిలబడాలా?

ఇండిపెండెంటుకు పెద్ద తతంగం లేదు. పదిమంది ప్రతిపాదకులు, జనరల్ అభ్యర్థికి 10,000 రూపాయల డిపాజిట్ చాలు. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ఆ డబ్బు పోతుంది. అంతకన్నా పెద్ద కష్టం గుర్తుది. ఉపసంహరణ గడువు ముగిశాకే చేతికొస్తుంది. ఆదోని పక్క పల్లెల్లో ఆ గుర్తును ఇంటింటికీ చేర్చడానికి మిగిలేది ఇంచుమించు రెండు వారాలే. ఎండలో తిరిగి తిరిగి, చివరికి అవ్వ "ఏ గుర్తు నాయనా?" అని అడిగితే ప్రాణం ఉసూరుమంటుంది.

పార్టీకైతే కనీసం వందమంది ఓటర్లు సభ్యులుగా ఉండాలి, నియమావళి రాసుకోవాలి, ఏర్పడిన 30 రోజుల్లోగా ఎన్నికల సంఘానికి దరఖాస్తు పెట్టాలి. ఆ తర్వాత ఏటా లెక్కల టెన్షన్. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన రాష్ట్ర పార్టీగా గుర్తింపు వచ్చినట్టు కాదు. దానికొక దారి, అసెంబ్లీ ఎన్నికల్లో 6 శాతం ఓట్లు, రెండు సీట్లు. అయినా నా మొగ్గు పార్టీకే. అభ్యర్థి ఓడినా జెండా, కార్యకర్త, ఊరి కమిటీ మిగులుతాయి. ఇండిపెండెంటు ఓడితే ఆ కూడగట్టిన జనం చెదిరిపోతారు.

సర్పంచ్ ఎన్నికలు పార్టీ గుర్తులతో జరగవు కాబట్టి అక్కడ మాత్రం మనిషే ముఖ్యం. మేము మొదట అక్కడే నిలబడదామనుకుంటున్నాం.