వాటర్‌ఫ్రంట్ టవర్లా, పాత ఇటుక బిల్డింగులా? సెయింట్ జాన్‌కి ఏది మేలు?

మొన్న శనివారం మా ఇంట్లో నలుగురం చేరాం, బిర్యానీ దమ్ములో ఉంది, ఈలోపు ఫ్రెండ్ ఒకడు కిటికీలోంచి కిందకి చూస్తూ "ఈ ఊర్లో ఏముంది బావా, అన్నీ పాత కొంపలే, ఆ హార్బర్ పక్కన నాలుగు గ్లాస్ టవర్లు లేపితే గానీ బాగుపడదు" అన్నాడు. నేను కాదన్నాను. బిర్యానీ అయిపోయింది గానీ వాదన తెగలేదు. అక్కడ అందరూ ఒకేసారి అరవడంతో సరిగ్గా చెప్పలేకపోయింది ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

ఊరంటే కెనడాలో న్యూ బ్రన్స్‌విక్ ప్రావిన్స్‌లో ఉన్న సెయింట్ జాన్. చివర "స్" లేదు. "స్" ఉన్న సెయింట్ జాన్స్ న్యూఫౌండ్‌లాండ్ దీవిలో ఉంది, సముద్రం దాటి వెళ్ళాలి. మా పిన్ని ఇప్పటికీ ఫోన్లో ఆ ఊరి వెదర్ చూసి నాకు కాల్ చేసి స్వెట్టర్ వేసుకో నాన్నా అంటుంది (ఎలాగూ ఇక్కడా చలే కాబట్టి సరే పిన్నీ అంటా). 1785లోనే రాజుగారి చార్టర్‌తో నగరమైంది, కెనడాలో అలా అయిన మొదటి ఊరు ఇదే. ఇప్పుడు జనం ఎంతంటే 2021 లెక్కల్లో 69,895. అంత చరిత్ర ఉండి మన పాలకొల్లు సైజు. అసలు బాధ అది కాదు, 1971లో ఇదే ఊర్లో 89 వేలమంది ఉన్నారు.

నేను వైజాగ్ వన్‌టౌన్ వైపు పెరిగినవాణ్ణి, అందుకే ఇక్కడ దిగిన వారంలోనే ఊరు పాత చుట్టంలా అనిపించింది, ఇటు పోర్టు, అటు రిఫైనరీ, మధ్యలో ఎత్తుపల్లాల రోడ్లు, పొద్దున్నే ఓడ హారన్. రిఫైనరీ అంటే చిన్నది కాదు, రోజుకి 3,20,000 బ్యారెళ్ళు, కెనడా మొత్తంలో అదే పెద్దది. వైజాగ్‌లో చూడనిది ఒక్కటే, ఇక్కడ సముద్రం రోజుకి రెండుసార్లు లేచి పడుతుంది, పోటుకీ ఆటుకీ మధ్య తేడా ఎనిమిదిన్నర మీటర్ల దాకా ఉంటుంది. పొద్దున గట్టుకి సమానంగా ఉన్న పడవ మధ్యాహ్నానికి బావిలో పడ్డట్టు ఎక్కడో కింద కనిపిస్తుంది, గట్టు గోడకి తడి నాచు వేలాడుతూ ఉంటుంది.

సరే అసలు విషయం. ఈ ఊరిని బాగుచెయ్యాలంటే ఎవరైనా చెప్పేవి మూడే దారులు, ఒకటి హార్బర్ పక్కన కొత్త కట్టడాలు, రెండు అప్‌టౌన్‌లో (ఇక్కడ డౌన్‌టౌన్ అనరు, కొండెక్కాలి కదా, అప్‌టౌనే) పాత బిల్డింగులు రిపేర్ చేసి ఖాళీ జాగాల్లో ఇళ్ళు కట్టడం, మూడు ఇవన్నీ వదిలేసి పోర్టు మీద డబ్బు పెట్టడం. నిజానికి నాలుగోది కూడా ఒకటుండేది, అది ట్రై చేసేశారు. 1960లలో అర్బన్ రెన్యూవల్ అని నార్త్ ఎండ్‌లో పాత మెయిన్ స్ట్రీట్ చుట్టుపక్కల ఇళ్ళూ షాపులూ బుల్డోజర్లతో తీసేసి ఊరి మధ్యలోంచి థ్రూవే అని పెద్ద హైవే వేశారు, 1968లో హార్బర్ బ్రిడ్జి తెరిచారు. పాడైపోయిన వాడ పోయి కొత్త ఊరొస్తుందనుకున్నారు. ఏమైందంటే అదే రోడ్డెక్కి జనం రోత్సే, క్విస్పామ్సిస్ లాంటి పక్క ఊళ్ళకి కాపురం మార్చేశారు, ఉద్యోగం ఇక్కడ, ఇల్లూ దాని పన్నూ అక్కడ. ఇప్పుడా థ్రూవే పక్కన నడిస్తే అటు గడ్డి, ఇటు గడ్డి, ఒకప్పుడు ఇక్కడొక బజారు ఉండేదంటే నమ్మబుద్ధి కాదు.

ఇప్పుడు మావాడి వాటర్‌ఫ్రంట్ ఐడియాకి వద్దాం, దాన్ని తీసిపారెయ్యను. 1983లో తెరిచిన మార్కెట్ స్క్వేర్ నాకు నిజంగా నచ్చుతుంది, ఎందుకంటే రేవు పక్కన పాత గోడౌన్ల ముందు గోడలు అలాగే ఉంచి వెనకాల లైబ్రరీ, హోటల్, షాపులు కట్టారు, వేసవిలో బయట కుర్చీలేస్తే కూర్చోడానికి ఖాళీ ఉండదు. 2022లో షిప్పింగ్ కంటైనర్లతో చిన్న బజారు పెట్టారు, క్రూజ్ టెర్మినల్ పక్కనే, రంగురంగుల డబ్బాలు, పాటలు, ఐస్‌క్రీమ్, పిల్లలున్నవాళ్ళకి బాగుంటుంది. ఇక ఫండీ కీ అని కోస్ట్ గార్డ్ వాళ్ళు ఖాళీ చేసిన పాత స్థలం ఉంది, అపార్ట్‌మెంట్లు, షాపులు అని బొమ్మలు చూపిస్తూనే ఉన్నారు, ఆ బొమ్మల్లో ఎప్పుడూ ఎండే, ఎప్పుడూ సమ్మరే, అదొకటి.

కానీ నీళ్ళ పక్కన కట్టడం అనుకున్నంత ఈజీ కాదు. పాత పోర్టు స్థలం కాబట్టి కింద మట్టిలో ఏముందో చూసుకోవాలి, సముద్రం గోడ బాగుచెయ్యాలి, రేపు నీటిమట్టం పెరుగుతుందని నేలే ఎత్తు చెయ్యాలి, అంటే మొదటి ఇటుక పెట్టకముందే సర్కారు డబ్బు బోలెడు మట్టిలోకే పోతుంది. ఆ తర్వాత బిల్డర్ అంత ఖర్చు తిరిగి రాబట్టుకోవాలి కదా, వ్యూ ఉన్న ఫ్లాట్లు చవగ్గా ఇవ్వడు. ఇందాక చెప్పిన రిఫైనరీ వాళ్ళది, ఇర్వింగ్ ఆయిల్ అంతటి కంపెనీయే మొదట నీళ్ళ పక్కనున్న లాంగ్ వార్ఫ్ అనే రేవు మీద హెడ్డాఫీసు కడదామనుకుని వదిలేసి, చివరికి 2019లో కింగ్స్ స్క్వేర్ పార్కు ఎదురుగా ఊరి మధ్యలో కట్టుకుంది. నాకు అదే మంచి పని అనిపించింది, ఆ ఉద్యోగులు మధ్యాహ్నం రోడ్డు దాటితే సిటీ మార్కెట్ అనే పాత బజార్లో అన్నం తింటారు.

నాదొక సొంత పరీక్ష ఉంది, ఫిబ్రవరి పరీక్ష అంటా. ఏ ప్లానైనా సరే, ఫిబ్రవరిలో ఒక మంగళవారం సాయంత్రం ఏడింటికి, మంచు పడుతూ హార్బర్ నుంచి గాలి చెంపలు కోస్తుంటే, అక్కడ ఎవరుంటారు? క్రూజ్ ఓడలు మే నుంచి అక్టోబర్, మహా అయితే నవంబర్ మొదటి వారాల దాకా. సెప్టెంబర్, అక్టోబర్‌లో ఆకులు ఎర్రబడే టైమ్‌లో ఒక్కో రోజు రెండు మూడు ఓడలొస్తాయి, కింగ్ స్ట్రీట్ ఏటవాలు మీద జనం తిరనాళ్ళలా ఉంటారు, సాయంత్రం ఓడ హారన్ కొడుతుంది, గంటలో ఊరు ఖాళీ, మర్నాడు కాఫీ షాపులో నేనూ ఆ అమ్మాయీ మాత్రమే. షాపు అద్దె మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. వాటర్‌ఫ్రంట్‌లో జనం కాపురముంటే పరీక్ష పాసవుతుంది, అది నిజమే. చూడ్డానికి మాత్రమే కడితే ఫెయిలే.

మధ్యలో ఒక మాట, ఇక్కడ బిల్డింగ్ నుంచి బిల్డింగ్‌కి గాజు వంతెనలున్నాయి, సిటీ మార్కెట్ నుంచి మాల్‌లోంచి మార్కెట్ స్క్వేర్, స్టేడియం దాకా చలి తగలకుండా నడిచిపోవచ్చు. జనవరిలో నేనే అందులో పడి నడుస్తా. కానీ జనమంతా పైన నడిస్తే కింద వీధి షాపు ఎవరు చూస్తారు? దీనికి నా దగ్గర జవాబు లేదు, చలి చలే.

ఇప్పుడు నా పార్టీ, పాత ఇటుకలు. 1877 జూన్ 20న ఈ ఊరు తగలబడింది, తొమ్మిది గంటల్లో 1,600 పైచిలుకు బిల్డింగులు బూడిద. అప్పుడే ఊరి నడుమ కట్టడాలు ఇటుకతో, రాయితోనే కట్టాలని పట్టుబట్టారు కాబట్టి ఇవాళ ప్రిన్స్ విలియం స్ట్రీట్, జర్మెయిన్ స్ట్రీట్ అలా ఉన్నాయి, ఒకే తరం మేస్త్రీలు ఒకే ఊపులో కట్టేసినట్టు. ఆ మంటల్లో మిగిలింది సిటీ మార్కెట్, దానికి ఏడాది ముందే 1876లో తెరిచారు. లోపలికెళ్ళి తలెత్తి చూస్తే పైకప్పు బోర్లించిన ఓడలా ఉంటుంది, ఊరు కొండ మీద కాబట్టి నేల కూడా కిందకి వాలి ఉంటుంది, బండి వదిలేస్తే దొర్లిపోతుందేమో అనిపిస్తుంది. తెరిచేటప్పుడూ మూసేటప్పుడూ గంట కొడతారు. డల్స్ అని ఊదారంగు సముద్రపు నాచు ఎండబెట్టి సంచుల్లో అమ్ముతారు, మొదటిసారి వాసన చూడగానే నాకు వైజాగ్ పూర్ణా మార్కెట్లో ఎండుచేపల వరస గుర్తొచ్చి అక్కడే రెండు నిమిషాలు నిలబడిపోయా. ఫిబ్రవరి మంగళవారం కూడా (ఏడింటికి కాదు గానీ, పగలు) ఇక్కడ ముసలాళ్ళు కూర్చుని సూప్ తాగుతుంటారు, పాసు. ఇంపీరియల్ థియేటర్ కూడా అంతే, 1913లో కట్టారు, తర్వాత చాలా ఏళ్ళు చర్చిగా నడిచింది, ఊరివాళ్ళు పట్టుబట్టి డబ్బు పోగేసి తిరిగి సంపాదించి 1994లో మళ్ళీ తెర లేపారు. కూల్చేసి ఉంటే అక్కడ ఇప్పుడొక పార్కింగ్ లాట్ ఉండేది, గ్యారంటీ.

పార్కింగ్ లాట్లంటే గుర్తొచ్చింది, అప్‌టౌన్ పటం చూస్తే పళ్ళూడిన నోరులా ఉంటుంది. రెండు అందమైన బిల్డింగులు, మధ్యలో తారు జాగా, ఇరవై కార్లు. కొత్త ఇళ్ళు కట్టాల్సింది ముందు అక్కడ. ఎందుకంటే కింద నీళ్ళ పైపు ఉంది, డ్రైనేజీ ఉంది, బస్సు వస్తుంది, మంచు తీసే బండి ఎలాగూ ఆ వీధిలో తిరుగుతుంది. 1967లో పక్కనున్న లాంకాస్టర్‌నీ, సైమండ్స్‌నీ కలిపేసుకోవడంతో ఈ ఊరి విస్తీర్ణం 316 చదరపు కి.మీ. దగ్గరికొచ్చింది, అంటే పాత జీహెచ్ఎంసీలో సగం, అందులో జనం పాలకొల్లంత! ఆ రోడ్లూ ఆ పైపులూ ఎవరు మెయింటైన్ చేస్తారు, ఉన్న డెబ్భై వేలమంది పన్నులతోనే. 2012లో వచ్చిన సిటీ ప్లాన్ కూడా ఇదే చెప్పింది, ఇక సాగదీయొద్దు, ఉన్న నడుములోనే పెరగండి అని.

పాత బిల్డింగ్ సుఖం కాదు, అది నేను దాచను. మూడో అంతస్తులో ఉంటా, చెక్క కిటికీ పైకెత్తితే తాడు తెగిపోయింది కాబట్టి కర్ర పెట్టాలి, చలికాలం ప్లాస్టిక్ షీటు అంటించి హెయిర్ డ్రయర్‌తో బిగించాలి, మొదటి ఏడాది హీటింగ్ బిల్లు చూసి రెండు నెలలు బయట తినడం మానేశా. బయటి రూపం ఏం మార్చాలన్నా హెరిటేజ్ పర్మిషన్. మా రెండో అంతస్తు చాలాకాలం ఖాళీగా ఉండేది, ఇంత డిమాండ్ ఉంటే ఎందుకు ఖాళీ అని అడిగితే ఓనర్ చెప్పాడు, ఇల్లుగా అద్దెకివ్వాలంటే అగ్నిప్రమాదంలో బయటపడడానికి రెండో మెట్లదారి కావాలట, ఒక ఫ్లాట్ కోసం అంత ఇనుప మెట్లు కట్టిస్తే ఖర్చు ఎప్పటికి రావాలి. పోయినేడు కట్టించాడు, దాన్నే నాలుగు యూనిట్లు చేసి. ఒక మెట్లదారి, నాలుగు అద్దెలు, లెక్క కుదిరింది. ప్రభుత్వం గ్రాంట్ ఇవ్వాల్సింది ఇలాంటి మెట్లకి, స్ప్రింక్లర్లకి, ఫొటోలో పడని ఖర్చులకి.

పోర్టు సంగతి తొందరగా చెప్పేస్తా. డబ్బు నిజంగా వచ్చేది అక్కడే. వెస్ట్ సైడ్ కంటైనర్ టెర్మినల్‌ని 20 కోట్ల డాలర్లకి పైగా పెట్టి పెద్దది చేశారు, 2020లో సీపీ (కెనడియన్ పసిఫిక్) రైల్వే అమెరికాలోని మెయిన్ రాష్ట్రం గుండా వెళ్ళే లైను కొనుక్కుని మళ్ళీ ఇక్కడికి సరుకు చేర్చడం మొదలెట్టింది, పెద్ద ఓడలొస్తున్నాయి. 2000 ప్రాంతంలో షిప్‌యార్డ్, చక్కెర ఫ్యాక్టరీ ఆగిపోయి ఊరు కుదేలైన తర్వాత ఇది పెద్ద ఊరటే. కానీ క్రేన్లు పెరిగినంతగా మనుషులు పెరగరు, ఉన్న ఉద్యోగాలు మంచి జీతాలవే, ఆ జీతం తీసుకున్నవాడు ఎక్కడ ఇల్లు కొంటాడన్నదే ప్రశ్న. పైగా 2023 సెప్టెంబర్‌లో వెస్ట్ సైడ్ పాత ఇనుము యార్డు అంటుకుని ఊరంతా తలుపులు కిటికీలు మూసుకుని ఇంట్లోనే ఉండమన్నారు, పోర్టు పక్కన బతకడమంటే అది కూడా. వైజాగ్‌వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

కాబట్టి నా వరస ఇది, ముందు పాత బిల్డింగుల పై అంతస్తులూ పార్కింగ్ లాట్లూ, తర్వాత వాటర్‌ఫ్రంట్, అదీ ఏడాదంతా మనుషులు కాపురముండే ఇళ్ళయితేనే, పోర్టుకి ఎలాగూ దాని దారి దానికుంది.

మావాడు చివర్లో ఒక్క మాట అన్నాడు, దానికి మాత్రం నోరు మెదపలేకపోయా. "నీ పాత కొంప బాగుచేస్తే అద్దె పెరగదా బావా?" పెరుగుతుంది. పెరిగింది కూడా. 2022లో ప్రావిన్స్ అద్దె పెంపు 3.8 శాతం దాటకూడదని లిమిట్ పెట్టింది గానీ అది ఒక్క ఏడాదికే, మళ్ళీ 2025లో 3 శాతం అని పెట్టారు, మధ్యలో పెంచేవాళ్ళు పెంచేశారు. అందుకే ఖాళీ జాగాలు ముందు నింపాలంటున్నా, అక్కడైతే ఎవర్నీ లేపక్కర్లేదు, అందులో కొన్నైనా లాభం కోసం కాని ఇళ్ళు ఉండాలి. మా మొదటి అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటుంది, ఇరవై ఏళ్ళ పైనే అక్కడే. రెండో అంతస్తు పని నడుస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం ఓనర్ పంపిన కాగితం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది, కళ్ళద్దాలు దొరకట్లేదు కాస్త చదివిపెట్టు అంది. చదివాను. కళ్ళద్దాలు మెడలోనే వేలాడుతున్నాయి.